జిద్దా ఎంత దూరం?

2023 జనవరిలో ఒక రాత్రి 9 గంటలకు కడపలో మా అమ్మీ కన్నుమూసింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. మూడు నెలలుగా మంచంలోనే ఉంది. ఇంట్లో ఆడవాళ్ళ ఏడుపు ఇంకా సర్దుకోకముందే మామూ నన్ను పక్కకు పిలిచి "జిద్దా ఎంత దూరం?" అని అడిగారు. అన్నయ్య కొడుకు జిద్దాలో ఉన్నాడు. అమ్మీ చేతుల్లో పెరిగిన పిల్లవాడు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భూగోళం చెప్పినవాణ్ణి కనుక నాకు నోటికి వచ్చింది చెప్పాను: "హైదరాబాదు నుంచి సుమారు 4,100 కిలోమీటర్లు మామూ." ఆయన విసుక్కున్నారు. "కిలోమీటర్లు ఎవరడిగార్రా! ఎన్ని గంటలో చెప్పు. రేపు పొద్దున మట్టి చేద్దామా, వాడి కోసం ఆగుదామా?"

ఈ ప్రశ్న మా ఒక్క ఇంటిది కాదు. కడప, రాయచోటి, రాజంపేట, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, హైదరాబాదు పాతబస్తీ... ఏ వీధిలోనైనా సౌదీలోనో కువైట్‌లోనో ఒక మనిషి ఉన్న ఇల్లు కనబడుతుంది. హజ్‌కూ ఉమ్రాకూ వెళ్ళేవారు దిగేదీ ఎక్కువగా జిద్దాలోనే. అందుచేత ఈ రెండు ఊళ్ళ మధ్య దూరమెంత, కాలమెంత అన్నది కాస్త వివరంగా తెలుసుకుందాం.

దారం చెప్పే దూరం

బడిలో గోడమీద వేలాడే పటంలో స్కేలు పెట్టి కొలిస్తే దూరం సరిగ్గా రాదు. గుండ్రని భూమిని బల్లపరుపు కాగితం మీద పరిస్తే ఎక్కడో ఒకచోట సాగుతుంది. గ్లోబు తీసుకుని హైదరాబాదు మీద ఒక వేలు, జిద్దా మీద ఒక వేలు ఉంచి దారాన్ని బిగించి లాగాలి. ఆ దారం పడిన దారే అతి దగ్గరి దారి. దాని పొడవే 4,100 కిలోమీటర్ల పైచిలుకు.

ఆ దారం హైదరాబాదు నుంచి నేరుగా పడమరకు బయలుదేరదు. పడమర నుంచి సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి ఒరుగుతుంది. మక్కా జిద్దాకు తూర్పున, రోడ్డు మీద 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కనుక హైదరాబాదులో ఖిబ్లా దిశ కూడా ఇంచుమించు అదే. అంటే హైదరాబాదు మసీదులో సఫ్‌లో నిలబడినవాడు ఎటు చూస్తున్నాడో, జిద్దా విమానం పోవలసిన దిక్కూ అదే.

విమానం ఆ దారాన్ని అచ్చంగా పట్టుకుని పోలేదు. ఆకాశంలోనూ రహదారులుంటాయి, ఒక దేశం నుంచి మరో దేశానికి అప్పగింతలుంటాయి. మన పడమటి తీరం దాటి అరేబియా సముద్రం మీదుగా ఒమన్ వైపు సాగి, అక్కడి నుంచి ఎడారి మీదుగా ఎర్రసముద్రపు ఒడ్డుకు చేరుతుంది. ఈ వంపులతో దూరం కొంత పెరుగుతుంది. ఎక్కడానికి, దిగడానికి వేగం తగ్గుతుంది. మొత్తం మీద వెళ్ళేటప్పుడు సుమారు 6 గంటలు, వచ్చేటప్పుడు 5 గంటల పైచిలుకు పడుతుంది.

వెళ్ళేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు? పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున చలికాలంలో గాలులు పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తాయి. పోయేటప్పుడు అవి ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోసే గాలి. వానాకాలంలో మాత్రం దక్షిణ భారతం మీద పై గాలి తిరగబడి తూర్పు నుంచి వీస్తుంది. ఈ తూర్పు గాలి ప్రవాహాన్ని 1950లలో ప్రపంచానికి వివరించింది మన భారత వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఉండవలసినంత వివరంగా లేదని నాకెప్పుడూ ఒక కొరత.

గడియారం చేసే గారడీ

జిద్దా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఉదయం 10 గంటలకు శంషాబాదులో ఎక్కినవాడు, ఆరు గంటలు ప్రయాణించి, అక్కడి గడియారంలో మధ్యాహ్నం ఒకటిన్నరకు దిగుతాడు. టిక్కెట్టు చూసి మూడున్నర గంటల ప్రయాణమేనని సంబరపడేవారు ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు రాత్రి 10కి ఎక్కితే తెల్లవారి ఆరు గంటల ప్రాంతానికి దిగడం చూసి ఎనిమిది గంటలు పట్టిందని గాబరాపడేవారూ వీరే. టిక్కెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ ఒక్క సంగతి ముందే చెబితే ఫోను దగ్గర ఎదురుచూపుల కంగారు తగ్గుతుంది.

గడియారం మనుషులు పెట్టుకున్నది. సూర్యుడి లెక్క వేరు. ఈ రెండు ఊళ్ళకు రేఖాంశాలలో తేడా 39 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 2 గంటల 36 నిమిషాలు. రోజాతో ప్రయాణం చేసేవారికి ఇది బాగా తెలిసివస్తుంది. రంజాన్ మార్చి నెలలో వచ్చిందనుకోండి. హైదరాబాదులో సహరీ చేసి, మధ్యాహ్నం 2 గంటలకు విమానం ఎక్కితే, రాత్రి 8 గంటలకు దిగుతారు. ఆ వేళకు మన ఇళ్ళలో ఇఫ్తార్ అయి గంటన్నర దాటి ఉంటుంది. జిద్దాలో అప్పుడు సాయంత్రం ఐదున్నరే. సూర్యుడు ఇంకా పైనే ఉన్నాడు. అక్కడ మగ్‌రిబ్ ఆరున్నర దాటాక. ఇంటివద్ద ఉన్నవాడి కంటే ఆ ముసాఫిర్ రోజా రెండున్నర గంటలకు పైగా పొడుగు. వచ్చేటప్పుడు అంతా తగ్గిపోతుంది. విమానంలో ఉన్నవారు తాము ఎగురుతున్న చోట సూర్యుడు అస్తమించడాన్ని బట్టి ఇఫ్తార్ చేయాలి తప్ప, ఇంటివద్ద టైము చూసి కాదని ఉలమా చెబుతారు. ప్రయాణంలో రోజా వాయిదా వేసుకునే వెసులుబాటు ఎలాగూ ఉంది.

మన ఫిఖ్హ్ గ్రంథాలలో ప్రయాణ దూరాన్ని కొలిచిన తీరు చూస్తే నాకు ముచ్చట వేస్తుంది. హనఫీ ఫిఖ్హ్‌లో ముసాఫిర్ అనిపించుకోవడానికి మూడు రోజుల ప్రయాణమంత దూరం పోవాలి. ఒంటె నడకను, మనిషి నడకను కొలతగా తీసుకున్నారు. తరువాతి వారు దాన్ని 48 మైళ్ళుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కగట్టారు. దూరాన్ని కాలంతో కొలవడం వారికి సహజం. మామూ అడిగినదీ అదే లెక్క. ఇప్పుడు ఆ మూడు రోజుల దూరాన్ని విమానం ఆరేడు నిమిషాల్లో దాటేస్తుంది. అయినా ఖసర్ నమాజు ఖసరే.

ఉమ్రాకు పోయేవారికి ఒక మాట. జిద్దాలో దిగాక ఇహ్‌రామ్ కట్టుకుందాం అనుకోకూడదు. విమానం జిద్దా చేరకముందే మీఖాత్ హద్దు దాటుతుంది. దిగడానికి ముందు విమానంలో ప్రకటన చేస్తారు. ఆ సమయానికి మగవారికి ఆ ఇరుకులో బట్టలు మార్చుకోవడం కష్టం. అందుకే చాలామంది హైదరాబాదులోనే ఇహ్‌రామ్ వస్త్రాలు కట్టుకుని, నియ్యత్ మాత్రం ప్రకటన విని చేసుకుంటారు. ముందు మదీనాకు వెళ్ళేవారికి ఈ తొందర లేదు. వారి మీఖాత్ మదీనా దాటాక జుల్ హులైఫా.

ఓడ నాటి జిద్దా

మా నానా, అంటే అమ్మీ తండ్రి, 1962లో హజ్‌కు వెళ్ళారు. కడప నుంచి రైల్లో బొంబాయి. అక్కడ సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం పడిగాపులు. బొంబాయి నుంచి జిద్దాకు సముద్రం మీద సుమారు 2,300 నాటికల్ మైళ్ళు, అంటే 4,260 కిలోమీటర్లు. ఓడ వేగాన్ని, సముద్రాన్ని బట్టి వారం పది రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. యలమ్‌లమ్ ఎదురుగా వచ్చినప్పుడు ఓడలో అందరూ ఇహ్‌రామ్ కట్టుకునేవారు. అంతకు ముందు తరం వారికి మరో మజిలీ ఉండేది. 1880ల నుంచి చాలా దశాబ్దాల పాటు ఎర్రసముద్రంలో కమరాన్ అనే ద్వీపంలో హాజీలను దింపి, అంటురోగాలు లేవని తేలేదాకా క్వారంటైన్‌లో ఉంచేవారు.

నానా బయలుదేరే ముందు వీధివీధికీ తిరిగి, పేరుపేరునా మాఫీ కోరారట. అప్పులు తీర్చారు. కఫన్ గుడ్డ పెట్టెలో పెట్టుకున్నారు. తిరిగి వస్తానన్న ధీమా ఆ రోజుల్లో ఎవరికీ లేదు. జిద్దాలో దిగానని ఆయన రాసిన ఉత్తరం ఇంటికి చేరేసరికి హజ్ దగ్గరకొచ్చేసిందని అమ్మీ చెప్పేది. ఆ మూడు నెలల్లో ఇక్కడ ఎవరైనా పోతే ఆయన కోసం ఆగడమన్న ఆలోచనే రాదు. ఒక విధంగా అది తేలిక. ఎదురుచూడవలసిన పని లేదు.

హాజీలను తీసుకువెళ్ళే ఓడలు మన దేశం నుంచి 1995తో ఆగిపోయాయి. జిద్దాలో 1981లో తెరిచిన కొత్త విమానాశ్రయంలో హజ్ టెర్మినల్ గుడారాల పైకప్పు చూసినవారికి మరిచిపోయేది కాదు. దాని నిర్మాణంలో ముఖ్యుడైన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ఢాకాలో పుట్టి, చికాగోలో స్థిరపడినవాడు. 1982 మార్చిలో జిద్దాలో ఉండగానే గుండెపోటుతో మరణించాడు. ఆయన్ను చికాగోకు తీసుకువెళ్ళి ఖననం చేశారు.

వారం పట్టిన దారి

1994 డిసెంబరులో మా అబ్బా పోయారు. మంగళవారం ఫజర్ అజాన్‌కు కాస్త ముందు. అన్నయ్య అప్పుడు జిద్దాలో ఒక కంపెనీలో ఏసీ మెకానిక్. ఇంట్లో ఫోను లేదు. ఐఎస్‌డీ బూత్ తెరిచేదాకా ఆగి, అన్నయ్య గది కింద ఉన్న కిరాణా దుకాణానికి ఫోను చేశాను. కబురు ఆయన చెవిన పడేసరికి ఇక్కడ మధ్యాహ్నమైంది. కంపెనీకి చూపించడానికి ఆధారం కావాలంటే టెలిగ్రాం కొట్టాను.

విమానం రోజూ ఉంది. టిక్కెట్టుకు డబ్బు తోటివారు పోగుచేశారు. లేనిది కాగితం. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. సౌదీ దాటాలంటే కఫీల్ సంతకంతో ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కావాలి. సంతకం చేయవలసిన మనిషి బుధవారం ఊళ్ళో లేడు. ఆ రోజుల్లో అక్కడ సెలవులు గురువారం, శుక్రవారం (2013 నుంచి శుక్ర, శనివారాలు చేశారు). శనివారం పని జరిగింది. ఆదివారం జిద్దా నుంచి బొంబాయి, విమానంలో ఐదు గంటలు. అక్కడి నుంచి మద్రాసు రైలు పట్టుకుని, ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుని, మంగళవారం పొద్దున కడప స్టేషనులో దిగాడు. సరిగ్గా వారం. నేను ఆయన్ను ఇంటికి కాదు, నేరుగా ఖబరస్తాన్‌కు తీసుకుపోయాను.

ఆ వారంలో విమానం పట్టినది ఐదు గంటలని నేను చాలాసార్లు లెక్క వేసుకున్నాను. మిగిలిన కాలమంతా బల్లల మీద, వరండాల్లో, రైలు పెట్టెలో గడిచింది.

ఒక సంగతి అన్నయ్య తరువాత చెప్పాడు. అబ్బా పోయిన సాయంత్రం, గదిలో ఉన్న కేరళ సోదరులు ఇషా తరువాత గాయిబానా జనాజా నమాజు చదివారు. అబిసీనియా రాజు నజాషీ మరణవార్త విని దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాలో ఆయనకు జనాజా నమాజు చదివించిన ఉదంతం వారికి ఆధారం. వారు షాఫయీలు. మనం హనఫీలం, మన మస్లక్‌లో మృతదేహం ఎదుట లేకుండా ఈ నమాజు లేదు. అన్నయ్యకు ఏం చేయాలో తోచలేదు. చాప చివర కూర్చుని, వారు చదువుతున్నంతసేపూ దుఆ చేశాడు. "వాళ్ళు మా అబ్బా పేరు కూడా అడిగి తెలుసుకున్నారు" అని ఇప్పటికీ అంటాడు.

ఎంత కాలం ఆగాలి?

ఇక ఆ రాత్రి సంగతికి వస్తాను. 9.15కు ఫోను చేశాను. ఇప్పుడు బూత్‌లు లేవు, దుకాణాలు లేవు. వాడి చేతిలోనే మోగింది. అక్కడ 6.45. వాడు ఏడ్చి, వెంటనే తేరుకుని, "చాచా, అరగంటలో చెబుతా, ఆగండి" అన్నాడు.

కఫీల్ సంతకం వాడికి అక్కరలేదు. 2021 మార్చి 14 నుంచి సౌదీలో ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు యజమాని అనుమతి లేకుండానే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసాను అబ్షర్ అనే ప్రభుత్వ యాప్‌లో తామే తీసుకునే వీలు కల్పించారు. వాడు ఎలక్ట్రీషియన్ కనుక సరిపోయింది. ఇళ్ళలో పనిచేసేవారికి, సొంత కారు డ్రైవర్లకు, పశువుల కాపరులకు, తోటమాలులకు ఆ సంస్కరణ వర్తించలేదు. మన జిల్లాల నుంచి పోయే పేదవారిలో చాలామంది చేసేవి ఆ పనులే. వారి ఇళ్ళకు జిద్దా 1994లో ఎంత దూరమో 2021 తరువాతా అంతే దూరంలో ఉండిపోయింది. ఈ మాట ఎవరూ గట్టిగా అనరు.

ఎనిమిది గంటలకు, అంటే మన పదిన్నరకు, ఫోను వచ్చింది. రాత్రి ఒంటిగంటకు విమానం, హైదరాబాదులో ఉదయం 8.45కు దిగుతాడు. అక్కడి నుంచి కడపకు దాదాపు 400 కిలోమీటర్లు. కడపకు 2015 నుంచి విమానాశ్రయం ఉంది గానీ ఆ వేళకు అందే విమానం లేదు. కారే గతి. ఏడెనిమిది గంటలు. ఆకాశంలో 4,100 కిలోమీటర్లకు ఐదుంబావు గంటలు, నేల మీద అందులో పదో వంతుకు అంతకంటే ఎక్కువ!

ఇంట్లో రెండు మాటలయ్యాయి. జనాజాను ఆలస్యం చేయవద్దన్నది దైవప్రవక్త (స) బోధన, జొహర్‌కు ముగిద్దామని మామూ. అన్నయ్య ఏమీ అనలేదు. వారం ఆలస్యంగా వచ్చినవాడు ఆయన. ఆయన మౌనమే మమ్మల్ని ఆపింది. మసీదు ఇమాము గారిని అడిగాం. ఆయన తేల్చి చెప్పారు: "అసర్ దాకా ఆగండి. దానికి మించి వద్దు. వాడు దారిలో ఉన్నా సరే, అసర్ తరువాత నమాజు చదివిస్తాను." ఫ్రీజర్ పెట్టె తెచ్చుకుని, విదేశం నుంచి రావలసిన వారి కోసం రెండు మూడు రోజులు ఉంచే ఇళ్ళు ఇప్పుడు కనబడుతున్నాయి. నాకు ఇమాము గారి లెక్కే నచ్చింది. గంటల్లో వచ్చేవాడికి ఆగవచ్చు. రోజుల్లో వచ్చేవాడి కోసం ఉంచితే, ఉన్నవారు రోజుల తరబడి ఆ పెట్టె ముందు కూర్చోవాలి.

ఆగినా రాలేని కాలమూ మన కళ్ళ ముందే గడిచింది. 2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు నిలిచిపోయాక, ఆ మేలో వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా, జిద్దాలో ఉన్నవాడికి టిక్కెట్టు కొనే డబ్బున్నా, కంపెనీ సెలవిచ్చినా దారి లేదు. మామూలు విమాన సర్వీసులు మళ్ళీ పూర్తిగా మొదలైంది 2022 మార్చి 27న. ఆ రెండేళ్ళలో మా వీధిలో ఇద్దరు తమ తల్లుల జనాజాను ఫోను తెర మీద చూశారు.

మావాడు కర్నూలు దాటాడని పన్నెండున్నరకు తెలిసింది. మైదుకూరు చేరేసరికి నాలుగు. అసర్ నమాజు అయింది. ఇమాము గారు అన్న మాట ప్రకారం 4.40కి జనాజా నమాజు చదివించారు. ఖబరస్తాన్‌లో అమ్మీని దించుతుండగా 5.10కి కారు గేటు దగ్గర ఆగింది. నమాజు అందలేదు. మట్టి అందింది. మూడు పిడికిళ్ళు వేశాడు. అన్నయ్య వాడి మోచేయి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

నేను ఫోను చేసినప్పటి నుంచి లెక్కిస్తే అయిదు నిమిషాలు తక్కువ ఇరవై గంటలు. ఆ రాత్రి మామూకు చెప్పవలసిన జవాబు ఇదే. దీనిలో ఒక్క గంట తగ్గించగలిగితే నమాజు కూడా అందేది. ఆ గంట ఎక్కడ పోయిందో వాడే చెప్పాడు. పాత పాస్‌పోర్టుకు గడువు తీరి కొత్తది తీసుకున్నాక దాని నంబరు ఆ యాప్‌లో మార్పించలేదు. అది సరిచేయించుకునే సరికి అంతకు ముందు విమానంలో సీట్లు అయిపోయాయి. గల్ఫ్‌లో ఉన్న పిల్లలకు ఫోను చేసినప్పుడు భోంచేశావా అని అడిగినట్టే, పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా, ఇఖామా ఎప్పటిదాకా, రీ-ఎంట్రీ తీసుకోవడం వచ్చా అని కూడా అడగండి. టిక్కెట్టుకు సరిపడా డబ్బు విడిగా ఉంచమనండి. ఇక్కడ ఇంట్లో వాడి కంపెనీ పేరు, తోటివాడి నంబరు, పాస్‌పోర్టు జిరాక్సు ఒక చోట ఉండాలి. ఎవరికి ఫోను చేయాలో తెలియక పోయే గంటలు విమానం మీద పోయే గంటల కంటే ఎక్కువ.

వాడికి దొరికిన సెలవు నాలుగు రోజులు. ఐదో రోజు ఉదయం 10 గంటల విమానానికి శంషాబాదులో ఎక్కాడు. కడపలో ఇంటివద్ద అన్నయ్య గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. పన్నెండు దాటాక "ఇప్పుడు ఎక్కడుంటాడు?" అన్నాడు. "సముద్రం మీద" అన్నాను. రెండున్నరకు మళ్ళీ అడిగాడు. "ఎడారి మీదికి వచ్చుంటాడు." నాలుగుంబావుకు ఫోను మోగింది. "దిగాను చాచా. ఇక్కడ ఇంకా పావుతక్కువ రెండే. జొహర్ చదువుకుని గదికి పోతా. అబ్బాకు చెప్పండి."